ఎదురొచ్చిన డింప్నా

కారిగ్‌బాన్ రేవులో ఏ దుకాణంలో కూర్చున్నా సముద్రం కనబడుతుంది, ఒక్క డింప్నా సెలూన్‌లో తప్ప. కిటికీ లేక కాదు. సముద్రం వైపు గోడంతా కిటికీయే. ఆ దుకాణం అద్దెకి తీసుకున్న మొదటి వారంలోనే డింప్నా దానికి అడ్డంగా పెద్ద బీరువా పెట్టించింది. "ఎండ కళ్ళల్లో పడుతోంది" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. మా తీరంలో ఎండ కళ్ళల్లో పడే రోజులు ఏడాదికి ఎన్నో అందరికీ తెలుసు. అయినా ఎవరూ కిక్కురుమనలేదు. మావాళ్ళ తీరే అంత. అన్నీ గమనిస్తారు, ఒక్కటీ అడగరు. అది మర్యాదో దుర్మార్గమో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇంకో సంగతి కూడా అందరూ గమనించారు. వానకోటు వేసుకుని రేవు వైపు నడిచే మగవాడు దూరంగా కనబడితే చాలు, డింప్నా దారి తప్పుకునేది. మాంసం కొట్టు గుమ్మంలోకో, చర్చి పక్క సందులోకో, ఏదీ దొరక్కపోతే ఆగి ఉన్న లారీ వెనక్కో. ఒకసారి ఫాదర్‌గారి కోళ్ళ దొడ్లోకి దూరి, ఈకలతో బయటికొచ్చి, గుడ్లు అమ్ముతారేమో కనుక్కుందామని వచ్చానంది. పడవకి పోయే మనిషికి ఎదురు పడకూడదు, అంతే. మిగతా విషయాల్లో ఎంత నవ్వుతూ తుళ్ళుతూ ఉండే మనిషో, ఈ ఒక్క విషయంలో ఆమె మొహం చూస్తే భయమేసేది.

మా తీరంలో ఎర్రజుట్టు ఆడది ఎదురైతే ఆ రోజుకి వేట లేనట్టే. వెనక్కి తిరిగి ఇంటికి పోయి, బూట్లు విడిచి, టీ తాగి పడుకోవడమే. డింప్నా జుట్టు మాత్రం నల్లగా నిగనిగలాడేది. పదిహేనో ఏట సెలూన్‌లో పనికి కుదిరిన రోజు నుంచీ నలుపే. అది సీసాలోంచి వచ్చిన నలుపు. ఆ నలుపు కిందున్నది ఎరుపు, అదీ అలాంటిలాంటి ఎరుపు కాదు. అరవై దగ్గర పడుతున్నా, చెవుల దగ్గర కాస్త నెరిసిందే తప్ప చల్లారలేదు. ఆ తలలో ఇంకొకరి వేలు దూరనిచ్చేది కాదు ఆమె. ఊరందరి తలలూ తాను చూసేది, తన తల తలుపేసుకుని తానే చూసుకునేది.

ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు జరిగింది ఇది. తండ్రి మాట్ పీతల బుట్టలు వేసేవాడు. అతనికి తోడు దీవి నుంచి వచ్చి పనిచేసే పాచ్. ఒక పొద్దున మాట్ టీ ఫ్లాస్కు ఇంట్లో మరిచిపోయి వెళ్ళాడు. వాళ్ళమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఫ్లాస్కు చూసిన డింప్నా ఎవరికీ చెప్పకుండా, తల కూడా దువ్వుకోకుండా, అడ్డదారిన పరిగెత్తి వాళ్ళకంటే ముందు రేవు గట్టు ఎక్కి ఎదురొచ్చింది. గాలికి ఎర్రజుట్టంతా మొహం మీద పడుతోంది. పాచ్ అక్కడికక్కడే ఆగిపోయాడు. "ఇవాళ వద్దు మాట్. తిరిగి పోదాం పద" అన్నాడు. మాట్ పగలబడి నవ్వాడు. "నా కూతురే వస్తే ఇంకేం కావాలి? మంచి ఎదురే వచ్చింది!" అని ఫ్లాస్కు తీసుకుని, పిల్ల బుగ్గ గిల్లి, పడవ దగ్గరికి నడిచాడు. పాచ్ రెండు అడుగులు వెనక్కి వేశాడు. మళ్ళీ మాట్ వెంటే పోయాడు. మనిషిని ఒంటరిగా పంపలేకపోయాడు.

పడవ బోర్లాపడి దొరికింది. మాట్ దొరికాడు. పాచ్ దొరకలేదు.

మాట్ నిదానస్తుడనీ, పాచ్ తెగించిన మనిషనీ ఊరంతటికీ పేరు. అందుకని గాలీవానా ముంచుకొస్తుంటే మాట్‌ని లాక్కుపోయింది పాచే అని తేల్చేశారు. సారా కొట్లో అదే మాట, చర్చి మెట్ల మీద అదే మాట. డింప్నా తల్లి అయితే చచ్చేదాకా పాచ్ పేరు ఎత్తితే ఉమ్మేసేది. పక్కనే కూర్చుని డింప్నా వినేది. పాచ్ వద్దన్నాడని చెప్పాలంటే, తను ఎదురొచ్చానని చెప్పాలి. నాన్నని చంపింది నేనే అని చెప్పాలి. ఏడేళ్ళ నోరు ఆ మాట అనలేదు. పదేళ్ళప్పుడు అనలేదు. ఇరవయ్యేళ్ళప్పుడూ అనలేదు.

తల్లి పోయిన నెలలోనే సెలూన్‌కి ఫోనొచ్చింది. ఇనిష్‌దూన్ దీవి నుంచి, విన్నీ అనే ఆవిడ. "ఇక్కడ పదిమంది ఆడవాళ్ళం తల మాసిన గొర్రెల్లా తిరుగుతున్నాం. నెలకోసారి వచ్చి మా తలలు చూడవే తల్లీ" అంది. విన్నీ అంటే పాచ్ పెళ్ళాం. కాదనడానికి డింప్నాకి నోరు రాలేదు. ఇంకెవరైనా అయితే కాదనేదే.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి గురువారం. హెయిర్ డ్రైయర్లూ, రోలర్లూ, ప్లాస్టిక్ తొట్టీ వేసిన చిన్న వ్యాను. ఆరు కార్లు పట్టే బల్లకట్టు. దాని మీదికి వెనక్కి నడిపి ఎక్కించాలి, అవతలి రేవులో నేరుగా దిగిపోవడానికి. ఎక్కించేటప్పుడు అద్దంలో నీళ్ళే కనబడతాయి. ఎక్కాక ఎదురుగా ఇనుప తలుపు, దాని సందుల్లోంచి లోపలికి వచ్చిపోయే పచ్చటి నీళ్ళు. బార్ట్లీ అని తాళ్ళు చూసే మనిషి. ప్రతిసారీ కిటికీ దగ్గరికొచ్చి ఒకటే మాట: "బెల్టు తియ్యి, అద్దం దించు అమ్మాయ్. మునిగితే ఈదుకుంటూ బయటికి రావాలిగా!" తన హాస్యానికి తనే నవ్వుకునేవాడు. డింప్నా కూడా నవ్వేది, పళ్ళు బిగించి. తర్వాత కళ్ళు మూసుకునేది. బల్లకట్టు రేవులో ఒక చుట్టు తిరిగి దారిలో పడేది. స్టీరింగ్ వదలకుండా అవతలి ఒడ్డు దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేది.

అవతల విన్నీ వంటింట్లో, ఎండబెట్టిన టర్ఫ్ మట్టిగడ్డలు మండే పొయ్యి పక్కన, అందరికంటే ముందు విన్నీ తల. వేళ్ళ కింద ఆ ముసలి తల వెచ్చగా, పిట్టంత తేలిగ్గా ఉండేది. విన్నీ కళ్ళు మూసుకుని పాచ్‌ని తిట్టేది. "వాడి తొందర వాడినే మింగింది. ఇంకొకడి పెళ్ళాన్ని కూడా ముండమోపిని చేసిపోయాడు వెధవ" అనేది. ఇవాళ చెప్పేస్తాను అనుకునేది డింప్నా. సబ్బు నురగ కడిగేలోపు ధైర్యం జారిపోయేది. నెలలు గడిచాయి, ఏళ్ళు గడిచాయి. విన్నీ తొంభైలో పడింది.

ఆ ఏడాది ఎండ పోయే రోజుల్లో డింప్నా సెలూన్ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టుతో నెలన్నర. తలకి రంగు వేసుకోవడానికి లేదు, వేరొకరిని వేయనివ్వదు. పాపిడి దగ్గర రెండు వేళ్ళ మేర ఎరుపు బయటపడింది. రుమాలు కట్టుకుని తిరిగింది. కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే తలుపేసుకుని, గిన్నెలో రంగు కలిపి పెట్టుకుంది. అప్పుడు ఫోను మోగింది.

విన్నీ మేనకోడలు డీలియా. "డింప్నా, అత్త ఇవాళో రేపో అన్నట్టుంది. ఫాదర్‌గారు వచ్చి వెళ్ళారు. ఆవిడ మాత్రం నా తల దువ్వకుండా నేను పోనని పట్టుబట్టింది. నిన్నే అడుగుతోంది. తుఫాను వస్తోందట, ఇవాళ బల్లకట్టు ఒక్కసారే వస్తుంది. అరగంటలో బయల్దేరతారు. అది తప్పితే ఇంకెప్పటికో."

గిన్నెలో రంగు అలాగే ఉంది. వేసుకుని కడుక్కునేసరికి బల్లకట్టు ఉండదు. వేసుకోకుండా ఎక్కితే... డింప్నా మంచం మీద కూర్చుండిపోయింది. ఎర్రజుట్టుతో ఆమె మళ్ళీ పడవ దగ్గరికి పోలేదు, ఆ పొద్దు తర్వాత ఒక్కసారి కూడా. విన్నీ పోతే ఆ మాట వినాల్సిన మనిషి ఇక భూమ్మీద ఉండదు. పాచ్ ఎప్పటికీ వెధవగానే ఉండిపోతాడు. ఆ సంగతి తలుచుకుంటే లేచి నిలబడక తప్పలేదు. రుమాలు రెండు ముళ్ళు వేసి కట్టుకుంది. రేవుకి సందుల్లోంచి పోయింది, ఎవరికీ ఎదురు పడకుండా.

రేవులో అలలు గట్టెక్కి రోడ్డు మీదికి వస్తున్నాయి. బల్లకట్టు మీద ఆమె వ్యాను, దీవి దుకాణానికి పోయే పిండి బస్తాలు, అంతే. బార్ట్లీ కిటికీ దగ్గరికొచ్చాడు గానీ ఇవాళ హాస్యం లేదు. చక్రాల కింద చెక్క ముక్కలు కొట్టి, "బండ్లో కూర్చోకు. పైకి రా. ఫెస్టీ దగ్గర నిలబడు" అన్నాడు.

ఫెస్టీ బల్లకట్టు నడిపే మనిషి. వాళ్ళ నాన్న తర్వాత చుక్కాని అతని చేతికొచ్చింది. మితభాషి, పెద్ద చేతులు. డింప్నా ఇనుప మెట్లు ఎక్కుతుండగానే గాలి ఒక్క దెబ్బకి రుమాలు లాక్కుపోయింది. చేతులు తలమీద పెట్టుకుంది, ఎంత దాచుకుంటే ఏం లాభం? చుక్కాని గదిలోకి అడుగు పెట్టేసరికి ఫెస్టీ తిరిగి చూశాడు. నెత్తి మీద ఆ ఎర్రటి చార చూశాడు. మళ్ళీ ముందుకి తిరిగిపోయాడు.

బార్ట్లీ తాళ్ళు విప్పి పైకొచ్చాడు. "తిప్పకు ఫెస్టీ. ఈ గాలిలో అడ్డం పడ్డామా, అల పక్క నుంచి కొట్టి బోర్లా వేస్తుంది."

"ఆమె ఉందిగా" అన్నాడు ఫెస్టీ.

"ఉంటే? ఈ ఒక్క రోజుకి వదిలెయ్."

"మా నాన్న ఒక్క రోజు వదల్లేదు."

"ఏం తిప్పడం?" అంది డింప్నా.

బార్ట్లీ బూట్ల వైపు చూసుకున్నాడు. మగవాళ్ళకి ఇబ్బంది వస్తే బూట్ల కంటే మంచి దిక్కు లేదు. చివరికి అతనే నోరు విప్పాడు. "నువ్వెక్కిన రోజు రేవులో ఒక చుట్టు తిప్పుతాం. సూర్యుడు తిరిగే వైపు. దోషం పోవడానికి. మిగతా రోజుల్లో తిప్పం."

"నేనెక్కిన రోజా?"

"నీ జుట్టు సంగతి మాకు తెలీదనుకున్నావా అమ్మాయ్? మాట్ కూతురు ఎర్రపిల్లని ఎవడు మరిచిపోతాడు? మొదటిసారి నువ్వొస్తున్నావంటే ఫెస్టీ వాళ్ళ నాన్న ఎక్కించనన్నాడు. విన్నీ ఫోన్ చేసి ఆయన్ని నానా మాటలూ తిట్టింది. తిప్పుకుంటారో తలకిందులుగా నడుపుతారో మీ ఇష్టం, ఆ పిల్లని మాత్రం తీసుకురండి అంది. అప్పట్నుంచి తిప్పుతున్నాం."

అన్ని ఏళ్ళుగా, కళ్ళు మూసుకుని, పడవలన్నీ రేవు దాటేటప్పుడు ఒక చుట్టు తిరుగుతాయి కాబోలు అనుకుంది ఆమె. బీరువా అడ్డం పెట్టుకోకుండా ఒక్క రోజు కిటికీలోంచి చూసి ఉంటే తెలిసేది, మిగతా రోజుల్లో బల్లకట్టు తిన్నగా పోతుందని. వాళ్ళు నమ్ముతూనే ఉన్నారు. నమ్ముతూనే ప్రతి నెలా ఎక్కించుకున్నారు. ఆ మాటకి ఏడవాలో పారిపోవాలో ఆమెకి తెలియలేదు. అయితే నిజమే అన్నమాట. నేను ఎదురైతే మనుషులు మునుగుతారన్నది నా పిచ్చి కాదు, వీళ్ళందరూ అదే అనుకుంటున్నారు.

"నన్ను దింపేయండి" అంది.

"దింపితే విన్నీ?" అన్నాడు ఫెస్టీ, వెనక్కి తిరక్కుండానే. "తిప్పితే కష్టం. తిప్పకపోతే... నాకూ భయమే డింప్నా. నీతో అబద్ధమెందుకు?"

రేవు నోటి దగ్గర నీళ్ళు తెల్లగా ఉడుకుతున్నాయి. నాన్న నవ్వు చెవుల్లో వినిపిస్తోంది, పాచ్ వేసిన రెండు అడుగులూ కళ్ళముందు కనబడుతున్నాయి. "తిప్పొద్దు. నేరుగా పోనివ్వు" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఫెస్టీ శిలువ గుర్తు వేసుకుని నేరుగా పోనిచ్చాడు.

ఆ దారి గురించి డింప్నా తర్వాత ఎవరికీ పెద్దగా చెప్పలేదు. రేవు దాటిన దగ్గర్నుంచి కింద నేల అన్నది లేదు. ముందరి ఇనుప తలుపు ఆకాశంలోకి లేస్తుంది, మళ్ళీ నీళ్ళలోకి దూకుతుంది. ప్రతి దూకుడికీ ఆమె అనుకుంది, ఇదే, ఇప్పుడే, నా వల్లే. సగం దారిలో ఒక పెద్ద అల ఆ తలుపు మీంచి దూకి లోపలికొచ్చింది. చక్రాల కింది చెక్కలు కొట్టుకుపోయాయి. వ్యాను జారి ఇనుప తలుపుని ధడేలున గుద్దింది. మళ్ళీ వెనక్కి జారింది. ఇంకో రెండు దెబ్బలకి తలుపు గొలుసు తెగితే సముద్రం మొత్తం లోపలికొస్తుంది.

"కట్టాలి" అంటూ బార్ట్లీ గొలుసు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. తర్వాత ఇంకో అల. నురగ తగ్గాక చూస్తే వ్యాను ఉంది, బార్ట్లీ లేడు. ఫెస్టీ పెదాలు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. డింప్నా కిటికీ చట్రం పట్టుకుని, మొదటిసారిగా కళ్ళు మూసుకోకుండా ఆ నీళ్ళలోకి చూసింది. నన్ను తీసుకో, అంది మనసులో. వాడికి మనవలున్నారు, నాకెవరూ లేరు, నన్ను తీసుకుని వీళ్ళని వదిలెయ్. సముద్రం ఏమీ వినలేదు. అది ఎవరి మాటా వినదు.

వ్యాను అవతల నుంచి ఒక చెయ్యి లేచింది. తర్వాత టోపీ లేని బట్టతల. బార్ట్లీ పైకొచ్చేసరికి అరచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. "నీ బండికి కూడా ఈత నేర్పాలి అమ్మాయ్" అన్నాడు. ఆమె అతని మెడ పట్టుకుని భోరుమంది. అతను ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ బూట్లు చూసుకున్నాడు.

విన్నీ కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. మనిషి సగానికి తగ్గిపోయింది, నోరు మాత్రం తగ్గలేదు. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డ డింప్నాని, ఆ రెండు రంగుల జుట్టునీ చూసి, "వచ్చావా ఎర్రపిల్లా? ఇన్నాళ్ళకి నీ మొహం నీకొచ్చింది. ఆ బూటు పాలిష్ మానేశావా ఏం?" అంది.

డింప్నా నీళ్ళు వెచ్చబెట్టి, తొట్టి తెచ్చి, మంచం మీదే తల కడిగింది. నురగ కడుగుతుండగా, ఎప్పుడూ ధైర్యం జారిపోయే ఆ చోటే, నోరు తెరిచింది. ఫ్లాస్కు గురించి చెప్పింది. అడ్డదారి గురించి, గట్టు గురించి చెప్పింది. "పాచ్ వద్దన్నాడు విన్నీ. నన్ను చూసి, ఇవాళ వద్దు తిరిగి పోదాం అన్నాడు. నాన్నే వినలేదు. మంచి ఎదురే అని నవ్వి వెళ్ళిపోయాడు. పాచ్ నాన్నని ఒంటరిగా పంపలేక వెనకాల వెళ్ళాడు."

విన్నీ కళ్ళు తెరిచింది. గాలికి పైకప్పు రేకులు కొట్టుకుంటున్నాయి. డింప్నా చేతుల్లో ఆ తల బరువెక్కినట్టయింది. తిడితే బాగుండు, కొడితే బాగుండు అనుకుంది.

"వద్దన్నాడా?"

"వద్దన్నాడు."

"నువ్వు విన్నావా, నీ చెవులతో?"

"విన్నాను."

"ఇన్నేళ్ళు చెప్పలేదే." విన్నీ మొహం గోడ వైపు తిప్పుకుంది. "ప్రతి నెలా నా తల నీ చేతుల్లో పెట్టి వాడిని తిట్టాను. నువ్వు వింటూ రోలర్లు చుట్టావు. వాడి ఆత్మ కోసం చర్చిలో ఒక్క మాస్ ప్రార్థన చెప్పించలేదు నేను, కోపంతో. తెలుసా నీకు?"

నీళ్ళు చల్లారిపోతున్నాయి. డింప్నా తడి జుట్టు మీద తువ్వాలు వేసి పట్టుకుని అలాగే నిలబడింది. ఎంతసేపటికో విన్నీ గోడ వైపే చూస్తూ అంది, "ఏం నిలబడ్డావ్? రోలర్లు పెట్టు. పాచ్ దగ్గరికి పోవాలి నేను. వాడిని ఒక మాట అడగాలి, క్షమించరా అని. తల రేగిపోయి ఎలా పోను?"

డింప్నా రోలర్లు పెట్టింది. వాటి మీద ఆరబెట్టే టోపీ పెట్టింది. దువ్వి, పాచ్‌తో దిగిన పెళ్ళి ఫొటోలో ఉన్నట్టే పక్క పాపిడి తీసింది. ఆ సాయంత్రం చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరితోనూ విన్నీ ఒకటే మాట చెప్పింది: "నా పాచ్ వద్దన్నాడట! మాట్ మంచి ఎదురన్నాడట, మావాడు వద్దన్నాడట. తెలిసిందా?" డింప్నా మూల కూర్చుని వింది. అందరూ ఆమె జుట్టు వైపు ఒకసారి చూసి, టీ కప్పులోకి చూసుకున్నారు. క్షమించానని విన్నీ అనలేదు. మర్నాడు పొద్దున, పాపిడి చెదరకుండా, పోయింది.

తుఫానుకి బల్లకట్టు దీవి రేవులోనే ఆగిపోయింది. ఫెస్టీ, బార్ట్లీ శవం దగ్గర అందరితో పాటు కూర్చున్నారు, శవపెట్టెకి భుజం పట్టారు. పూడ్చిన మర్నాటికి గాలి తగ్గింది. డింప్నా పొద్దున్నే వ్యాను తీసుకెళ్ళి రేవులో పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, దువ్వెన విన్నీ మంచం పక్కనే ఉండిపోయిందని. వెనక్కి నడిచింది. అటూ ఇటూ రాతి గోడలున్న సన్నటి దారి. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఫెస్టీ, వానకోటుతో, పడవకి పోతున్నాడు.

సందు లేదు. గుమ్మం లేదు. లారీ లేదు. డింప్నా తల మీద రుమాలు కూడా లేదు. ఒక్క ఉదుటున గోడెక్కబోయింది. విరిగి అతుక్కున్న మణికట్టు పట్టు ఇవ్వలేదు, రాళ్ళు దొర్లాయి, మోకాలు గీరుకుపోయింది. "వెనక్కి పో ఫెస్టీ! వెనక్కి పో! నేను గోడ దాటాక రా!" అని అరిచింది.

ఫెస్టీ ఆగాడు. అతని మొహం పాలిపోవడం ఆమె చూసింది. జేబులోంచి ఇనుప తాళంచెవి తీసి, దోషం తగలకుండా గుప్పిట్లో పట్టుకోవడం కూడా చూసింది. వెనక్కి తిరుగుతాడనుకుంది. తిరగలేదు. నడుచుకుంటూ నేరుగా ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"దిగు డింప్నా, కాళ్ళు విరగ్గొట్టుకుంటావ్" అన్నాడు. తర్వాత, తాళంచెవి వదలకుండానే, "మంచి ఎదురే వచ్చింది" అన్నాడు.

ఆ మాట వినగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. అతను దయతోనే అన్నాడు, ఆమెకి తెలుసు. నాన్న కూడా దయతోనే అన్నాడు. ఫెస్టీ ఆమె పక్కనుంచి దాటి రేవు వైపు వెళ్ళిపోయాడు. అతని వీపు మలుపులో మాయమయ్యేదాకా ఆమె గోడ పట్టుకుని నిలబడింది. దువ్వెన సంగతే మరిచిపోయింది.

ఆ రోజు అతను చుట్టు తిప్పలేదు. నేరుగా పోనిచ్చాడు. సముద్రం అలసిపోయి బూడిదరంగులో పడుకుని ఉంది, అయినా డింప్నా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. కారిగ్‌బాన్‌లో వ్యాను దించి, రోడ్డు పక్కన ఆపి, వెనక్కి చూసింది. బల్లకట్టు మళ్ళీ బయల్దేరుతోంది. తుఫాను రోజుల సరుకంతా దీవికి చేరాలి, ఇంకా ఎన్ని ట్రిప్పులో. బార్ట్లీ చెయ్యి ఊపాడు.

ఇంటికి పోదామనుకుంది. పోలేకపోయింది. నాన్న పోయిన ఆ పొద్దున ఏడేళ్ళ పిల్లని పక్కింటావిడ బలవంతంగా లోపలికి లాక్కుపోయి, తలుపేసి, మిఠాయి పెట్టింది. రేవు దగ్గర నిలబడి చూడనివ్వలేదు. ఇప్పుడు లాక్కుపోవడానికి ఎవరూ లేరు. రేవు గట్టు మీద నిలబడింది. బల్లకట్టు చిన్నదయి, చుక్కయి, దీవి నీడలో కలిసిపోయింది. అది మళ్ళీ కనబడేదాకా ఆమెకి ఊపిరాడలేదు. వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. వాన పడింది, ఆగింది. మాంసం కొట్టు కుర్రవాళ్ళు చూశారు, ఎవరూ ఏమీ అడగలేదు. ఒకావిడ మాత్రం టీ తెచ్చి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మావాళ్ళ తీరు గురించి ముందే చెప్పాను.

దీపాలు పెట్టే వేళకి బల్లకట్టు ఆఖరిసారి వచ్చింది. తాళ్ళు కట్టారు. ఇంజను ఆగింది. ఫెస్టీ వానకోటు భుజాన వేసుకుని గట్టెక్కి వస్తూ, జుట్టంతా తడిసి మొహానికి అంటుకుపోయి, పొద్దుటి బట్టల్లోనే నిలబడి ఉన్న డింప్నాని చూశాడు.

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నావా?"

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది, చేతులు, కాళ్ళు, బూట్లు, అన్నీ ఉన్నాయో లేదో అన్నట్టు.

"ఇంటికి పో ఫెస్టీ" అంది. "మీ ఇంట్లో టీ చల్లారిపోతోంది."